తూగే పెట్ట, తెలియని వైద్యం

ఒక పొద్దున గంప ఎత్తినా మా ఇంటి పెట్ట ఒకటి బయటికి రాలేదు. రెక్కలు జారవేసి, కళ్లు మూసి తూగుతోంది. పచ్చగా పారుకుంటోంది. కోడికి వైద్యం చేయడం మాకదే మొదలు. ఇంట్లో ఎవరికో జ్వరమొస్తే వాడగా మిగిలిన మాత్ర సగం విరిచి, నీళ్లలో కలిపి నోట్లో పోశాం. మర్నాటికి మెడ మెలి తిరిగింది. మూడోరోజు చచ్చిపోయింది. ఈలోగా ఇంకా తూగడం మొదలుపెట్టని రెండు పెట్టల్ని సంతలో అమ్మేశాం. కొంత డబ్బయినా చేతికొచ్చిందనుకున్నాం. కొన్నవాళ్ల ఇంట్లో ఏం జరిగిందో మేం అడగలేదు.

తర్వాత పశువైద్యశాలలో ఈ లక్షణాలు చెబితే కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్ అన్నారు. అది వైరస్ జబ్బు. వచ్చాక మందు లేదు, రాకముందు టీకా ఉంది. పిల్లలకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో చుక్కలు వేస్తారు, ఎనిమిది వారాలకు సూది వేస్తారు. మేం పోసిన మాత్ర కోడికి పనికిరాలేదు. ఏదో చేశామన్న తృప్తి మాత్రం మాకు మిగిలింది.

అయితే తెలియనివాళ్లు వైద్యం చేయకూడదా? డాక్టరు దూరం. పెట్ట పోతే పిల్లల నోటు పుస్తకాల డబ్బులు పోయినట్టే. చూస్తూ కూర్చోమనడం న్యాయం కాదు. తెలియనివాళ్లు చేయగలిగింది కూడా ఉంది. జబ్బు కోడిని వేరే గంప కింద పెట్టాలి. వెచ్చగా ఉంచి, శుభ్రమైన నీళ్లు పెట్టాలి. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. 1962కు ఫోన్ చేసి అడగాలి. చచ్చిపోతే వాగులో పారేయకుండా సున్నం చల్లి లోతుగా పాతిపెట్టాలి. తెలియనప్పుడు తెలియదని ఒప్పుకోవడం కూడా వైద్యంలో భాగమే.

అసలు కష్టం సంత దగ్గరే వస్తుంది. మేం చెంచులం. తేనె తీసేటప్పుడు పట్టులో కొంత వదిలి రావాలని మా పెద్దలు నేర్పారు. ఈగలకూ, వెనక వచ్చేవాళ్లకూ అందులో వాటా ఉంది. అడవిలో పాటించిన ఆ నీతిని సంతలో మేం మరిచిపోయాం. కొన్నవాళ్లు కూడా మాలాంటి పేదలే. మా నష్టాన్ని గంపతో సహా వాళ్ల వాకిట్లో దించి వచ్చాం.

పల్నాడు పేరు చెబితే లోకానికి కోడిపోరు గుర్తొస్తుంది. పుంజుల పందెంలో ఓడి మాచర్లవాళ్లు రాజ్యం విడిచిన కథ మన పిల్లలకు కంఠస్థం. రోగమొచ్చిన పెట్ట దగ్గర మనం ఏం వదులుకోగలమో కూడా వాళ్లకు చెప్పాలి. రెండు పెట్టల ధర వదులుకోవడం పేదవాడికి చిన్న సంగతి కాదు. కాదు కనుకనే అక్కడ నిజాయితీకి విలువ.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంట్లో కోడి తూగితే ముందు పక్కింటికి చెప్పండి. వాళ్ల కోళ్లయినా బతుకుతాయి. మేం ఆ పని చేయలేదు. అందుకే ఇప్పుడు బడిలో ప్రతి ఏడాదీ ఈ కథ చెబుతున్నాం.