ఉసేనప్ప ఏ మతం?

డోన్ చుట్టుపక్కల పల్లెల్లో ఓటర్ల జాబితా తిరగేస్తే మద్దిలేటి పక్కనే హుసేనప్ప, ఆ కిందే హుసేనమ్మ తగలొచ్చు. ముగ్గురూ హిందువులే కావచ్చు. మద్దిలేటి ఎవరో ఆ వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు, బేతంచెర్ల దగ్గరి నరసింహస్వామి. తక్కిన రెండు పేర్లే దూరం నుంచి వచ్చాయి.

అరబ్బీలో హసన్ అంటే మంచివాడు, అందగాడు. దాన్నే ముద్దు చేస్తే హుసైన్. మహమ్మద్ ప్రవక్త మనవళ్లకు ఈ రెండు పేర్లు; హసన్ అన్న, హుసైన్ తమ్ముడు. క్రీ.శ. 680లో, మొహర్రం పదో నాడు, ఇరాక్‌లోని కర్బలాలో ఖలీఫా యజీదు సైన్యం చేతిలో హుసైన్ చనిపోయాడు. అరబ్బులకు అది మగవాళ్ల పేరే. సీమకొచ్చాక అప్ప చేరి కొడుకుకూ, అమ్మ చేరి కూతురికీ సరిపోయింది. నోటి వాడుకలో హకారం కూడా ఊడి, ఉసేనప్ప, ఉసేనమ్మ అయ్యారు.

పేరు ఇళ్లలోకి వచ్చింది పీర్ల చావిడి మీదుగా, అంటే మొహర్రంలో హుసైన్ లాంటి అమరుల గుర్తుగా పీర్లను నిలిపే చోటు మీదుగా. పట్టుగుడ్డలు, పూలదండలు చుట్టిన పీర్ల ముందు చక్కెర చదివిస్తారు. చావిడి చూసుకునే ముజావరు నెమలీకల కట్ట తల మీద ఆనించి, ఊదు బూడిద నుదుట పెడతాడు. కాన్పులు నిలవని ఇల్లాలు అక్కడే మొక్కుకుంటుంది: ఈ బిడ్డ దక్కితే నీ పేరే పెట్టుకుంటా సామీ, అని.

మరి ఈ పేరు ఏ మతానిది? బాప్తిస్మంతో యోహాను అయినవాడు పాత దేవుళ్లను వదిలి వస్తాడు. ఉసేనప్ప దేన్నీ వదల్లేదు. మద్దిలేటి స్వామికి టెంకాయ కొడతాడు, పీర్ల గుండం చుట్టూ అలాయి తొక్కుతాడు. ఆ పేరు విశ్వాస ప్రకటన కాదు, తీర్చిన బాకీ. వేదికల మీద దీన్నే మత సామరస్యం అంటారు గానీ, ఆ మాట ఇక్కడ కాస్త వదులు. మొక్కిన తల్లికి కావలసింది సామరస్యం కాదు, బిడ్డ బతకడం.

మొక్కు అల్లాకు తప్ప ఇంకెవరికీ చెల్లదని ముస్లిం పండితుల్లో చాలామంది పీర్ల పండుగనే తప్పుపడతారు. శాస్త్రం ప్రకారం వాళ్ల మాటకు బలముంది. అయితే చావిడికి వచ్చేవాళ్లు శాస్త్రం అడిగి రావడం లేదు. ముస్లింలే లేని ఊళ్లలో పీర్లను ఎత్తేదీ హిందువులే.

జేజి పేరు మనవరాలికి పెట్టడం ఆనవాయితీ. రెండు తరాలు దిగాక, మొదట మొక్కిందెవరో, ఏ బిడ్డ కోసమో ఇంట్లో గుర్తుండకపోవచ్చు. అప్పుడు ఉసేనమ్మా అని పిలిస్తే తలచుకుంటున్నది కర్బలా వీరుణ్ని కాదు, పోయిన జేజిని.