ధ్యాస ఎక్కడుందో అడగాలి

గీతలో శ్రీకృష్ణుడు అర్జునుణ్ణి మొదట మందలించాడు. ఈ పిరికితనం నీకు తగదు, లెమ్మన్నాడు. ఆ మాట పనిచేయలేదు. నీ శిష్యుణ్ణి, దారి చెప్పమంటూనే అర్జునుడు యుద్ధం చేయనని తేల్చి మౌనం వహించాడు. అప్పుడు కృష్ణుడు నవ్వుతున్నట్టుగా ముఖం పెట్టి అసలు బోధ ఎత్తుకున్నాడు, రెండో అధ్యాయం 11వ శ్లోకంలో. అంతకుముందు మొదటి అధ్యాయం చివరి భాగమంతా శిష్యుడి దిగులే. గురువు దాన్ని అడ్డు తగలకుండా విన్నాడు.

పాఠం మీద మనసు నిలవకపోవడం పిల్లవాడి దోషమా అని ఎవరైనా అడిగితే నేను ఈ ఘట్టం దగ్గరికే వెళ్తాను.

కరోనాతో బడులు మూతపడినప్పుడు, 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో మూడు నుంచి పదో తరగతి దాకా టీవీ పాఠాలు మొదలయ్యాయి. దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠం వచ్చేది. మేం వర్క్‌షీట్లు పట్టుకుని ఇళ్లకు తిరిగేవాళ్లం. జగిత్యాల వైపు ఒక ఊళ్లో నేను ఏడో తరగతికి తెలుగు చెప్పేదాన్ని. ఒకింట్లో తల్లి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పిల్లవాడు టీవీ ముందే కూర్చున్నాడు గానీ చూపంతా కిటికీలో ఛార్జింగ్ పెట్టిన ఫోను మీదుంది. "ఏం పాఠం వస్తుంది బిడ్డా?" అంటే చెప్పలేకపోయాడు. తల్లి దారం చుట్టే వేళ్లు ఆపకుండానే కసిరింది: "పొద్దటి సంది గట్లనే కూసున్నడు టీచర్, ఒక్క ముక్క తలకెక్కలే." కాసేపటికి వాడే నోరు విప్పాడు: "బాపుకు జరం వచ్చిందట టీచర్. దుబాయ్‌ల రూముల ఒక్కడే ఉన్నడట. ఫోన్ కలుస్తలేదు."

ధ్యాస లేని పిల్లవాడా వాడు? వాడి ధ్యాసంతా చెక్కుచెదరకుండా దుబాయ్‌లోని ఆ గదిలో ఉంది. వర్క్‌షీటు వెనక్కి తిప్పి బాపుకు ఉత్తరం రాయమన్నాను. తలెత్తకుండా పేజీ నింపాడు. ఒత్తులు కూడా సరిగ్గా పడ్డాయి.

చంచలమైన మనసును అభ్యాసంతో, వైరాగ్యంతో నిలపాలని గీత ఆరో అధ్యాయం చెబుతుంది. పెద్దలు పిల్లలకు అప్పజెప్పేది ఎప్పుడూ ఈ మాటే. మనసు ప్రసన్నమైతే బుద్ధి త్వరగా నిలకడ పొందుతుందని రెండో అధ్యాయమే చెప్పింది, దాన్ని ఎవరూ ఎత్తరు. ప్రసన్నత ముందు, నిలకడ తర్వాత. పన్నెండేళ్ల వాణ్ణి ఆ ప్రసన్నత సొంత సాధనతో తెచ్చుకొమ్మనడం అధర్మం. అది మనం సమకూర్చాలి. తండ్రికి ఏమవుతుందోనన్న భయం లోపల కూర్చుంటే బుద్ధి ముందు దానికే కాపలా కాస్తుంది. తిడితే ఇంకో భయం వచ్చి చేరుతుంది, అంతే.

టీవీ పాఠాలు బాగానే చెప్పారు, బొమ్మలూ చక్కగా చూపించారు. కానీ తెర మీది గురువుకు పిల్లవాడి ముఖం కనబడదు. ఆ లోటును ఎంత మంచి పాఠమూ పూడ్చలేదు. అర్జునుడి చేతిలోంచి గాండీవం జారుతుంటే కృష్ణుడు ఒకే రథంలో ఉండి చూశాడు.

ఇప్పటికీ వానలకు బడి మూతపడితే వాట్సాప్‌లో హోంవర్కు పంపుతున్నాం. తోటి ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే: అది పంపేముందు పిల్లలకు ఫోన్ చేసి ఇంట్లో అందరూ ఎట్లా ఉన్నారో అడగండి. చెప్పింది పూర్తిగా విన్నాకే పాఠం మాట ఎత్తండి.