కళాశాలలో ఆటకు వెల ఎంత?



మే, జూన్ నెలలు వచ్చినవంటే వర్తూరులోని మన తెలుగు ఇండ్లలో కాలేజీ సీట్ల మాటే వినబడును. ఫీజు ఎంత, హాస్టలు ఎట్లున్నది, చివరి సంవత్సరములో ఉద్యోగము వచ్చునా అని విచారించుదుము. ఆటస్థలమును గూర్చి అడుగువారు అరుదు. అడిగినను, "మా వాడు బ్యాడ్మింటన్ బాగా ఆడును, స్పోర్ట్స్ కోటాలో సీటు దొరుకునా?" అనియే. అది తప్పని మేము అనము. ఫీజు కట్టలేని యింట పుట్టి, ఆటవలన చదువుకొని, రైల్వేలో ఉద్యోగము పొందినవారు మన దేశములో ఎందరో కలరు. అయితే ఆటకు వెల కట్టిన తరువాత ఆ సొమ్ము ఎవరికి చేరుచున్నది, ఎవరు నష్టపోవుచున్నారు అను ప్రశ్న తప్పదు.

మన పిల్లలు పలువురు చదువుచున్న అమెరికానే చూడుడి. అక్కడ కళాశాలల పురుషుల బాస్కెట్‌బాల్ పోటీల ప్రసార హక్కులకు 2016లో కుదిరిన పొడిగింపు ఒప్పందము ఎనిమిది సంవత్సరములకు 880 కోట్ల డాలర్లు. శిక్షకులకు లక్షల డాలర్ల జీతములు. ఆడిన పిల్లవానికి మాత్రము, "నీవు విద్యార్థివి గదా" అని చెప్పి, చాలకాలము చదువు ఖర్చులతోనే సరిపెట్టిరి. 2021లో అక్కడి సుప్రీం కోర్టు చదువుకు సంబంధించిన సహాయముపై పెట్టిన పరిమితులను ఏకగ్రీవముగా కొట్టివేసెను. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒడంబడికతో కళాశాలలే ఆటగాండ్లకు నేరుగా సొమ్ము చెల్లించుటకు వీలు కలిగెను. మొదటి సంవత్సరమునకు ఒక్కొక్క కళాశాల పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. చెమటోడ్చినవానికి కూలి ముట్టుట న్యాయమే. కాని టిక్కెట్లు అమ్ముడుపోని ఆటలను కొన్ని కళాశాలలు ఎత్తివేయుచున్నవి. టెన్నిసు ఆడు పిల్ల ఏమి తప్పు చేసినది?

మన దగ్గర వ్యాపారము అంత లేదు, బాధ వేరు. నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, శీతల పానీయపు ప్రకటనను వలదన్న మనిషి. ఒలింపిక్ పతకములు తెచ్చిన పిల్లలకు గురువు. అట్టివాడు 2025లో, ధనవంతులు కానివారు తమ పిల్లలను ఆటలలో పెట్టవద్దని చెప్పినప్పుడు చాలమంది నొచ్చుకొనిరి. మాకు మాత్రము ఆ మాటలో తండ్రి ఆందోళన కనబడినది. శిఖరము ఎక్కువారు బహు కొద్దిమంది. తక్కినవారికి ఇరువది అయిదేండ్లు వచ్చుసరికి చేతిలో పతకమూ ఉండదు, పనికివచ్చు చదువూ ఉండదు. ఆర్.వి. కాలేజీలో ఇంజినీరింగు చదివి దేశమునకు ఆడిన అనిల్ కుంబ్లేను మన బెంగళూరు తలిదండ్రులు ఉదాహరణగా చెప్పుదురు. నిజమే. ఒక్క కుంబ్లే వెనుక ఎందరు పిల్లలు హాజరు చాలక పరీక్ష తప్పిరో ఎవరు లెక్కించిరి?

ఇక ఆడుకొనుటకే ఆడు మామూలు పిల్లల సంగతి. 1920లో హారీ బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల స్థాపించి, వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేసెను. డ్రిల్లు మాష్టారు పాఠశాలలోని ప్రతి బిడ్డకు చెందినవాడు, జట్టులోని పదకొండుగురికే కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడికి ఆటస్థలము ఉండవలెనన్నది. అది ఆరు మొదలు పదునాలుగు ఏండ్ల పిల్లల చట్టము, కాలేజీ గేటు దాకా రాదు. మన వర్తూరు, వైట్‌ఫీల్డు ప్రక్కల సాఫ్ట్‌వేరు కంపెనీలు వచ్చిన తరువాత చదరపు అడుగు ధర మనకందరికి తెలిసినదే. ఫుట్‌బాల్ స్థలములో ఎన్ని అంతస్తులు లేచునో యాజమాన్యములకు నోటిలెక్క. కనుక రసీదులో క్రీడల ఫీజు ఉండును, స్థలములో బస్సులు నిలుచును. సాయంత్రము పిల్లలు చందాలు వేసికొని, గంటకింత అని చెల్లించి, బయట టర్ఫు మీద ఆడుదురు. ఒకే ఆటకు తండ్రి రెండుసార్లు చెల్లించుచున్నాడు! ఆడపిల్లకు ఆ టర్ఫు కూడ అందదు. చీకటిపడిన తరువాత పంపము గదా.

అందుచేత ఈ యేడు సీటు కొరకు వెళ్లు తలిదండ్రులకు మా మనవి. క్రీడల ఫీజు ఎంతని అడిగి ఊరకుండక, సాయంత్రము నాలుగు గంటలకు వెళ్లి స్థలమును కన్నులార చూడుడి. అక్కడ జట్టు మాత్రమే ఆడుచున్నదా, జట్టులో లేనివారును ఆడుచున్నారా? ఆడపిల్లలు ఉన్నారా? కోటాలో చేరువారు మరియొకటి అడుగవలెను: మోకాలు దెబ్బతిని రెండవ సంవత్సరము ఆడలేకపోయిన పిల్లవానికి ఫీజు రాయితీ నిలుచునా? నిలుచునని నోటితో చెప్పినయెడల, కాగితము మీద వ్రాసి సంతకము చేసి యిమ్మనుడి.