బసవన్న తిన్న కాయలు

వస్తువుకు ధర అంటే ఏమిటి? కొనేవాడు ఇచ్చిందీ, అమ్మేవాడు పుచ్చుకున్నదీ, అంతేనా? ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన అది న్యాయమైపోతుందా? అవసరంలో ఉన్నవాడు దేనికైనా ఒప్పుకుంటాడు. ఒప్పుదల వేరు, న్యాయం వేరు. బెంగుళూరులో బతుకుతున్న మనకు ఈ ప్రశ్న ఏటా కార్తీకమాసం చివరి సోమవారం బసవనగుడిలో ఎదురవుతుంది.

ఆనాడు అక్కడ కడలెకాయి పరిషె. మన సీమలో పరస అంటామే, అదే. నంది గుడి ముందు రోడ్డుకు ఇరువైపులా శనక్కాయల రాశులు. పచ్చివీ, వేయించినవీ, ఉడకబెట్టినవీ. చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు వైపునుంచీ, సరిహద్దు దాటి ఆంధ్ర, తమిళనాడులనుంచీ వస్తారు. ఎటు తిరిగినా తెలుగు బేరాలు చెవిన పడుతూనే ఉంటాయి.

ఈ పరిషెకు ఒక కథ ఉంది. పూర్వం సుంకేనహళ్ళి చుట్టుపక్కల రైతుల శనగచేలల్లో రాత్రిపూట ఒక ఎద్దు పడి మేసిపోయేదట. కాపుకాసి కొట్టబోతే అది శిలై నిలిచిందట. రైతులు భయపడి, తొలిపంట ఆ బసవన్నకే అర్పిస్తామని మొక్కుకున్నారట. గుడిని కెంపేగౌడ కట్టించాడంటారు. దీన్ని మనం రైతు భక్తికి నిదర్శనంగా చెప్పుకుంటాం. నా మనసుకు పట్టింది మాత్రం ఎద్దు సంగతే. అది తిన్నది, వెల ఇవ్వలేదు. దేవుడు గనుక చెల్లింది. నగరం దేవుడు కాదు. పైగా కథలోని ఆ చేలమీదే ఇవాళ మన ఇళ్ళున్నాయి.

ఒక ఏడు పరిషెలో హిందూపురం యాసలో మాట్లాడుతున్న ఒక నడివయసు ఆవిడ దగ్గర ఆగాను.

"ఇవి మీ చేన్లోవేనామ్మా?" అన్నాను.

"కాద్సార్. మా చేన్లో ఊడలు దిగే పొద్దుకు వాన ఎగ్గొట్టింది. ఇవి మండీలో ఎత్తుకొచ్చినాం" అందావిడ.

అప్పుడు నాకు బేరంలోని మెలిక అర్థమైంది. నేను తగ్గించమనే ఐదు రూపాయలు ఎవరివి? పండించిన రైతు డబ్బు మండీలోనే తేలిపోయింది. ఇక మిగిలింది ఈవిడ బస్సు ఛార్జీ, రాత్రి మేలుకొన్న కూలి. పోనీ, నేను ఐదు రూపాయలు ఎక్కువిస్తే ఆ రైతుకు చేరుతుందా? అదీ లేదు. కాబట్టి దయ న్యాయానికి బదులు కాదు. దయ మన ఎదుట ఉన్నవారి దగ్గరే ఆగిపోతుంది. కలుపు తీసిన చేతులూ, చెట్లు పీకి కాయలు కోసిన ఆడకూలీలూ మన ఎదుట ఉండరు.

అలాగని బేరమాడేవాళ్ళందరూ పాపాత్ములని నేననను. నెల జీతం పదో తారీఖుకే అయిపోయే కాపలాదారు పిల్లలకు సేరు కాయలు కొంటూ బేరమాడితే అది అతని సంసార ధర్మం. పెద్ద దుకాణంలో అచ్చేసిన ధర నోరెత్తక చెల్లించి, కాలిబాట మీద మాత్రం గొంతు పెంచేవాళ్ళ సంగతే నేనడుగుతున్నది. మనకు బేరమాడే హక్కు ఎక్కడినుంచి వచ్చింది? ఎదుటివాడి బలహీనతనుంచే కదా!

ఈ చిక్కు మనదొక్కటే కాదు. 1988లో నెదర్లాండ్స్‌లో మెక్సికో చిన్నరైతుల కాఫీపై 'మాక్స్ హావెలార్' అన్న ముద్ర వేసి అమ్మడం మొదలుపెట్టారు. జావాలో కాఫీ పండించేవాళ్ళ కడగండ్ల మీద 1860లో వచ్చిన డచ్చి నవల పేరది. బజారు పడిపోయినా రైతుకు ఇంతకు తగ్గకుండా ఇవ్వాలన్నది అందులోని సూత్రం. మంచిదే. కానీ ముద్రను మనం ప్రశ్న అడగలేం. పరిషెలో మనిషిని అడగగలం, కానీ ఆ మనిషి రైతు కాకపోవచ్చు.

మరో దారీ ఉంది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ చలవతో 2008లో 'ధరణి' అనే రైతుల సహకార సంఘం ఏర్పడింది. అప్పటి అనంతపురం జిల్లాలో, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో, మందులు లేకుండా పండించిన శనగలూ చిరుధాన్యాలూ ఆ సంఘమే సభ్యులనుంచి కొని, శుభ్రం చేసి అమ్ముతుంది. అక్కడ రైతు దయకు పాత్రుడు కాదు, అంగడికి యజమాని.

మన తెలుగు సంఘాలు ఉగాదికి కవిసమ్మేళనం పెడతాయి, సంతోషం. అదే పందిట్లో ఇలాంటి సంఘానికో, పది మంది సీమ రైతులకో చోటివ్వలేమా? అద్దె వద్దు, సానుభూతి ఉపన్యాసమూ వద్దు. ఒక్కొక్క రాశి ముందు ఒక పలక పెడితే చాలు. దానిమీద మూడే మాటలు: ఏ ఊరి పంట, రైతుకు ముట్టింది ఎంత, ఇక్కడ మనం ఇచ్చేది ఎంత. ఆ రెండు అంకెల మధ్య దూరానికి లెక్క చెప్పలేనివాళ్ళు అమ్మకూడదు. లెక్క అడగడానికి తీరిక లేనివాళ్ళం, రైతు కష్టాల మీద కవిత్వం చదవకూడదు.