కృతజ్ఞతయు మితాహారమును

భోజనమునకు ముందు భగవంతుని స్మరించుట అనేక మతములయందు గలదు. కొందఱు ఆపోశనము పట్టుదురు. క్రైస్తవులు కంచము ముందు కన్నులు మూసి ప్రార్థింతురు. భావ మొక్కటియే: ఈ యన్నము నాది కాదు, నాకు లభించినది. అయిన నీ కృతజ్ఞత ప్రార్థనతో ముగియవలసినదా, లేక తినుచున్నంతసేపును చేతిని నడపవలసినదా యను ప్రశ్నను మనము తఱచుగ వేసికొనము.

ఈ ప్రశ్న నేడు వేదాంతులకు మాత్రమే చెందినది కాదు. మన దేశమున 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారని భారత వైద్య పరిశోధన మండలివారి పరిశోధన 2023లో వెల్లడించెను. స్థూలకాయ మా వ్యాధిని పెంచు కారణములలో ముఖ్యమైనది. బరువు తగ్గు నుపాయములు చెప్పువారిలో భక్తినే యుపాయముగ జెప్పువారును గలరు. అమెరికాలో చార్లీ షెడ్ అను క్రైస్తవ బోధకుడు 1957లోనే ప్రార్థనచే బరువు తగ్గించుకొనుటను గూర్చి గ్రంథము వ్రాసెను. అటుపిమ్మట నట్టివి పెక్కులు వెలువడినవి. విశ్వాసమునకును బరువునకును నిజముగా సంబంధ మున్నదా? ఉన్నచో నది యెట్టిది?

మా కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతమును దృష్టియం దుంచుకొని విచారింతము. ఇది మెట్టసీమ. తాతలనాడు పేదల యిండ్లలో జొన్నయన్నమే నిత్యాహారము. వరియన్నము పండుగనాటి మాట. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిరి. ఎడమకాలువ నీ రీ సీమకును వచ్చెను. 1983లో ప్రభుత్వము కిలో బియ్యము 2 రూపాయల కిచ్చుట మొదలుపెట్టెను. వరియన్నము పేదవాని కంచములోనికిని దిగెను. ఇందుకు విచారింపవలసిన పని లేదు. ఆకలి తీర్చుటకంటె గొప్ప సంస్కార మేది? కాని కఱవునాటి యలవాటు కలిమినాడును మనలను విడువలేదు. దొరికినప్పుడే కడుపునిండ తినవలయు నను తొందర యింకను మన చేతిలో నున్నది. పొలము పని తగ్గినను ముద్ద తగ్గలేదు.

ఈ సీమలో క్రైస్తవమతము మొదట నెవరిని చేరెనో జ్ఞాపక ముంచుకొనవలయును. 1859లో రాఘవాపురమున పగోలు వెంకయ్య మొదలగువారు బాప్తిస్మము పొందిరి. వారు అస్పృశ్యులని యూరి వెలుపల నుంచబడిన మాలలు. ధాన్యము పండించి గంజి త్రాగినవారి సంతతికి మితాహారమును బోధించుట మొదట క్రూరముగనే తోచును. అందుచే నొక్క మాట స్పష్టముగ జెప్పవలయును. మితమనగా తక్కువ కాదు, తగినంత. మిరపచేలలో ఎండలో నిలిచి పనిచేయు స్త్రీకి తగినంత వేఱు, కుర్చీలో గూర్చుండి పాఠము చెప్పు మావంటివారికి తగినంత వేఱు. నిర్గమకాండము 16వ అధ్యాయమున మన్నా కథ యిదియే బోధించును. ఎవని యక్కఱకొలది వాడు కూర్చుకొనెను; ఎక్కువ కూర్చినవానికి మిగులలేదు, తక్కువ కూర్చినవానికి కొదువ కాలేదు; మఱునాటికి దాచినది పురుగుపట్టెను.

ఇక మన యిండ్లలోని సంగతి. అన్నము పారవేయుట పాప మందురు. మంచిమాటయే. కాని యీ ధర్మమును మోయునది యెవరు? అందఱును తిన్న పిదప ఇల్లాలు గూర్చుండును. పిల్లలు విడిచిన ముద్దలు, గిన్నె యడుగున మిగిలిన కూర, రేపటికి పులిసిపోవు పప్పు, ఇవి యన్నియు నామె వంతు. ఆకలి తీరిన పిమ్మట తినిన ముద్ద ఆహారము కాదు. కుప్పలో పడవలసినది కడుపులో పడినంతమాత్రమున అన్నమునకు గౌరవము జరిగినట్లా? అది వృథాయే; స్థలము మాత్రము మాఱినది. ఆ వృథాకు శిక్ష ఇల్లాలి మోకాళ్లును గుండెయు ననుభవించుచున్నవి. దోషము మిగిలినదానిని తినకపోవుటలో లేదు. కొలువకుండ వండుటలో నున్నది.

ఈ కొలతను గూర్చి తెలుగు క్రైస్తవ సంఘములయందు చక్కని యాచార మొకటి నెలకొన్నది. 1912లో దోర్నకలు బిషప్పైన అజరయ్యగారు, ఆంగ్లికను సంఘమునకు తొలి భారతీయ బిషప్పు, పేదవారును దాతలు కావలయునని బోధించిరి. స్త్రీలు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు పిడికెడు తీసి వేఱుగ నుంచి సంఘమున కర్పించెడివారు. మిగిలినది పెట్టుట కాదు, ముందుగా తీయుట. ఇందులోనే కృతజ్ఞతయొక్క రహస్య మున్నదని మా యభిప్రాయము. తినిన పిమ్మట త్రేన్చుచు చెప్పు వందనము సులభము. వండకముందే ఇతరుని ఆకలిని తలచి చేతిని కొలతకు దెచ్చుట కష్టము. కొరింథు సంఘమువారు ప్రభువు భోజనమునకు గూడి, ఒకడు ఆకలితో నుండగా వేఱొకడు మత్తుడగుట జూచి పౌలు మందలించెను. ఆ భోజనమునకు గల యూకరిస్టు అను పేరునకు గ్రీకు భాషలో కృతజ్ఞతాస్తుతి యని యర్థము. ప్రక్కవానిని చూడని కృతజ్ఞత కృతజ్ఞత కాదని తాత్పర్యము.

ఈ బోధ ఒక మతమున కే చెందినదియు గాదు. కోసలరాజు ప్రసేనజిత్తు మితిమీఱ భుజించి రొప్పుచు బుద్ధుని యొద్దకు వచ్చిన కథ బౌద్ధుల సంయుత్తనికాయమున గలదు. ఎఱుకతో తినువానికి బాధలు తగ్గునని బుద్ధుడు చెప్పగా, రా జొక బాలకుని నియమించి భోజనవేళ నా మాటను తనకు వినిపింప జేసికొనెను. క్రమముగా ఆహారము తగ్గి దేహము తేలికయ్యెను. జగ్గయ్యపేట స్తూపమున దొరికిన చక్రవర్తి శిల్పములో మబ్బులనుండి నాణెములు కురియుచుండును. ఆ చక్రవర్తి మాంధాత యని చెప్పుదురు. బంగారు వాన కురిసినను, స్వర్గము లభించినను తృప్తి చెందక పతితుడైన రా జాతడు. ఒకడు వినెను, ఒకడు వినలేదు, భేద మింతియే.

అయినను బరువు తగ్గుటకే కృతజ్ఞత చెప్పువాడు దేవుని వైద్యునిగ జేసికొనుచున్నాడు. బరువు తగ్గనినాడు వాడు విశ్వాసమునే విడుచును, లేదా తన్ను తాను పాపి యని నిందించుకొనును. దేహము లావగుటకు వంశము, గ్రంథుల లోపములు, కొన్ని మందులును కారణములగును. కావున నొకరి నడుము కొలత జూచి వారి భక్తిని కొలుచుట అన్యాయము. శ్రమదినములలో ఉపవసింపగోరు మధుమేహ రోగులు వైద్యుని అడుగక మందు మానరాదు. దేహమును హింసించుట దాత నవమానించుటయే.

గృహస్థులకు మా మనవి స్వల్పము. భోజనమునకు ముందు చెప్పు ప్రార్థనను ముద్ద ముద్దకును జ్ఞాపక ముంచుకొని మెల్లగా తినుడు. కడుపు నిండిన వార్త మెదడునకు చేరుటకు కొంతసేపు పట్టును. అతిథికి ప్రేమతో వడ్డింపుడు గాని వలదన్న పిమ్మట కొసరకుడు. ఇల్లాలిని అందఱితోపాటు కూర్చుండబెట్టుడు. మిగిలినదాని భారము నామె కడుపుపై మోపకుడు. ఎసరు పెట్టుటకు ముందు ఆకలిగొన్నవానికై పిడికెడు తీయుడు. దేహము తేలికయైన సంతోషమే. కాకున్నను, ఆ పిడికెడు ఒకరి యాకలిని తీర్చియే యుండును.