రెండు సంచుల పెద్దాయన

భాకరాపేట దగ్గర, శేషాచలం కొండల వారగా ఉన్న ఒక పల్లెలో ఒక యానాది పెద్దాయన ఉండేవాడు. తలకోన అడవిలో ఏ కాయ ఎప్పుడు రాలుతుందో ఆయనకు తెలుసు. విరేచనం సాఫీగా కావడం లేదని వచ్చేవాళ్ళ కోసం ఆయన దగ్గర రెండు సంచులుండేవి. ఒకదాంట్లో కరక్కాయ, తానికాయ, ఉసిరిక. కరక్కాయల్ని పగలగొట్టి, గింజ పారేసి, పెచ్చు మాత్రం రోట్లో దంచి, పాత పంచె గుడ్డలో జల్లించి దాచేవాడు. ఇది ఎవరడిగినా ఇచ్చేవాడు.

రెండో సంచిలో సునాముఖి ఆకు. దాని మూతి విప్పే ముందు ఎన్నాళ్ళుగా బాధ, ఏం తింటున్నారు, కడుపులో నొప్పి ఉందా అని అడిగేవాడు. నొప్పి ఉందంటే ఇచ్చేవాడే కాదు. ఇచ్చినా రెండు మూడు రాత్రులకే.

అదే ఊళ్ళో తోతాపురి తోపులున్న ఒక ఆసామి ఒకసారి ఆ ఆకు వాడాడు. తెల్లారేసరికి కడుపు ఖాళీ అయింది, ఒళ్ళు తేలికపడింది. రోజూ ఇలా కడిగేసుకుంటే ఏ రోగమూ దరి చేరదనుకున్నాడు. మళ్ళీ వెళ్ళి మూటెడు అడిగాడు. పెద్దాయన మొదటి సంచిలోంచి చిటికెడు పొడి పెట్టాడు. డబ్బిస్తే తీసుకోలేదు, మేకను తోలిస్తే తిరిగి పంపించాడు.

ఆసామికి కోపం వచ్చింది. తిరుపతికి వెళ్ళి, పేగులు శుభ్రం చేస్తుందని అమ్మే చూర్ణం కొనుక్కున్నాడు. అందులో ముఖ్యమైన సరుకు ఆ సునాముఖే. ఆ ఆకు గుణం పెద్దపేగుకు చేరాకే బయటపడుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని విడగొడితే అది పేగు గోడను రేపి, ఉన్నదంతా బయటికి తోయిస్తుంది. అతిగా వాడితే నీళ్ళతో పాటు ఒంట్లోని పొటాషియమూ పోతుంది. ఆసామికి ఇవేమీ పట్టలేదు. రాత్రికి ఒక చెంచా వేసుకునేవాడు. కొన్నాళ్ళకు రెండయ్యాయి, తర్వాత మూడయ్యాయి. వేసుకోని రోజు పేగు కదిలేదే కాదు.

మామిడికాయలు లారీకెత్తే రోజుల్లో పిక్కలు పట్టేసి అతను తోపులోనే కూలబడ్డాడు. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేసి, పొటాషియం బాగా పడిపోయిందని సెలైన్ ఎక్కించారు. చూర్ణం మానెయ్యమని డాక్టరు గట్టిగా చెప్పి పంపించాడు.

ఈసారి అతను పెద్దాయన చెప్పినట్టు విన్నాడు. రాగి సంగటి, ఆకుకూర పప్పు, మజ్జిగ, పొద్దున్నే చెంబెడు నీళ్ళు, తోపు చుట్టూ నడక. రాత్రిపూట మొదటి సంచిలోని పొడి కొద్దిగా. వారాలు గడిచినా పేగు దారికి రాలేదు. ఆసామి విసుక్కున్నాడు, పెద్దాయన మాత్రం రెండో సంచి ముట్టలేదు. దసరా నాటికి పేగు తనంతట తానే పనిచేయడం మొదలుపెట్టింది. ఆ రోజే పెద్దాయన మొదటి సంచికి కూడా ముడి వేసేశాడు.

పెద్దాయన సంచిలో ఉన్నదీ, దుకాణంలో దొరికిందీ ఒకటే ఆకు. ఆసామి ఆ ఆకునే వైద్యమనుకున్నాడు గాని, ఎవరికి, ఎంత, ఎన్నాళ్ళు అని అడగడమూ, ఇక చాలని చెయ్యి వెనక్కి తీసుకోవడమూ కూడా వైద్యమే. కడుపును శుభ్రంగా ఉంచుకునే పని పేగుకే తెలుసు, మూలిక దానికి ఎప్పుడో ఒకనాడు సాయానికి రావాలే తప్ప రోజూ అదిలించకూడదు.