దొర్కా కుట్టిన వస్త్రములు

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 9:36–42



యొప్పే పట్టణములో ఒక మేడగది. అందులో దొర్కా అను శిష్యురాలి దేహము పరుండబెట్టబడి యున్నది. పేతురు లోపల అడుగు పెట్టగానే విధవరాండ్రందరు ఆయనను చుట్టుకొనిరి. వారు ఆమె వంశమును గూర్చి చెప్పలేదు, ఆస్తిని గూర్చి చెప్పలేదు. ఆమె తమకు కుట్టి యిచ్చిన బట్టలను చూపి యేడ్చిరి. చనిపోయినవారిని గూర్చి ఇంతకంటె నిజమైన సాక్ష్యము మరి యొకటి యుండునా?

ఈ భాగము చదువునప్పుడు, అమెరికా దేశములో 2017 జూలై 27న తన 83వ యేట మరణించిన మార్టీ స్క్లార్ అను నతడు నాకు జ్ఞాపకమునకు వచ్చును. ఆయన రాజు కాడు, సేనాధిపతి కాడు. పిల్లలును పెద్దలును కూడి సంతోషించు డిస్నీ వినోదవనములను రూపొందించువారిలో ముఖ్యుడు. ఆయన మరణవార్త వినగానే, ఆయనను ఎన్నడును కలిసికొనని వారు సహా అనేకులు సొంత యింటివాడు పోయినట్లు దుఃఖపడిరి. “మా నాన్న చెయ్యి పట్టుకొని ఆ తోటలో నడచితిని” అని ఒకరు, “మా బిడ్డ మొదటిసారి అక్కడ నవ్వెను” అని ఒకరు తమ జ్ఞాపకములను బయటికి తీయుట ఇట్టి సమయములలో సహజము. విధవరాండ్రు చూపినవి అంగీలు, వీరు చూపునవి జ్ఞాపకములు. కన్నీరు మాత్రము ఒక్కటే.

“ఆటల తోటలు కట్టినవాని కొరకు ఇంత ఏడ్పు ఏల? ఇది వ్యర్థము కాదా?” అని అడుగువారు మనలో నుందురు. ప్రశ్న తేలికైనది కాదు. కాబట్టి మూడు సంగతులు ఆలోచింతము.

మొదటిది, చేతిపనిలోని ప్రేమ. కాలిఫోర్నియాలోని ఆనహైములో నారింజతోటలు కొట్టివేసిన 160 ఎకరముల స్థలములో డిస్నీల్యాండు 1955 జూలై 17న తెరవబడెను. అప్పటికి స్క్లార్ 21 ఏండ్ల కళాశాల విద్యార్థి. ఆ తోటలో అమ్మెడి చిన్న వార్తాపత్రికకు సంపాదకుడుగా కుదిరెను. తరువాత వాల్ట్ డిస్నీకి ప్రసంగములు వ్రాసి యిచ్చెను. ఫ్లారిడాలో కట్టదలచిన క్రొత్త నగరమును గూర్చి 1966లో వాల్ట్ చలనచిత్రములో పలికిన మాటలు స్క్లార్ వ్రాసినవే. అదే సంవత్సరము డిసెంబరు 15న వాల్ట్ మరణించెను. నెబో కొండ మీదనుండి దేశమును చూచి, అందులో ప్రవేశింపకయే పోయిన మోషేవలె ఆయనయు 1971లో ఫ్లారిడా తోట ద్వారములు తెరవబడుట చూడలేదు. మిగిలినవారు ఆ పనిని విడిచిపెట్టలేదు. స్క్లార్ 54 ఏండ్లు అదే పనిలో నుండి 2009లో విరమించెను. 1955 నాటి మొదటి తోట మొదలుకొని 2016లో షాంఘైలో తెరవబడిన తోట వరకు, పండ్రెండింటి ప్రారంభమునకును హాజరైన ఉద్యోగి ఆయన ఒక్కడే యని చెప్పుదురు. ఒక్క పనికి ఇన్నేండ్లు అంటిపెట్టుకొని యుండుట చిన్న సంగతి కాదు.

రెండవది, అతిథి చెప్పులు. తన తోటి పనివారి కొరకు స్క్లార్ పది సూత్రములు కూర్చెను. వాటికి మిక్కీ ఎలుక పేరట పది ఆజ్ఞలని పేరు. వచ్చువారెవరో ముందుగా తెలిసికొనుమనునది మొదటిది. వారి చెప్పులలో నీ కాళ్లు పెట్టి నడువుమనునది రెండవది. అనగా తోట కట్టినవాడు తన గదిలో కూర్చుండి పటములు గీచిన చాలదు. ఎండలో, వరుసలో, చంటిబిడ్డ నెత్తుకొన్న తల్లితోపాటు నిలిచి చూడవలెను. ఒక్కసారి ఒక్క కథయే చెప్పుమనియు, తులమెత్తు ఉపదేశమునకు పుట్టెడు సంతోషము పెట్టుమనియు, కట్టినదానిని పాడు కానియ్యక నిత్యము బాగుచేయుచుండుమనియు మరి కొన్ని.

ఇవి చదివి నేను సిగ్గుపడితిని. దేవుని స్వరూపము కలిగినవాడు దాసుని స్వరూపము ధరించి మన నేల మీద మన కాళ్లతో నడచెనని ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయములో చదువుచున్నాము గదా. ఆ ప్రభువు సేవకులమైన మనము ఎవరి చెప్పులలో నడచితిమి? గుడి వెనుక వరుసలో కూర్చుండు వృద్ధురాలికి ప్రసంగము వినబడుచున్నదా? మొదటిసారి వచ్చిన కూలివానికి చోటు చూపినవారున్నారా? టిక్కెట్టు కొని వచ్చినవాని కొరకు లోకస్థుడు ఇంత శ్రద్ధ తీసికొనగా, క్రీస్తు రక్తముచేత కొనబడినవాని కొరకు మనమెంత తీసికొనవలెను!

స్క్లార్ తన విద్యను తనయొద్దనే దాచుకొనలేదు. డిస్నీల్యాండు మొదటి పటమును గీచిన హెర్బర్టు రైమన్ 1989లో మరణించగా, ఆయన జ్ఞాపకార్థము స్క్లార్ దంపతులు మరి కొందరితో కలిసి 1990లో ఒక సంస్థను స్థాపించిరి. అది యౌవనులకు ఉచితముగా చిత్రకళ నేర్పును. మిత్రుని కొరకైన దుఃఖమును వారు బడిగా మార్చిరి. ఏడ్చుటకు ఇదియు ఒక విధము.

మూడవది, దుఃఖమునకు గల మేర. పేతురు ఆ బట్టలను చూచెను; ఆ స్త్రీలను గద్దింపలేదు. లాజరు సమాధియొద్ద మన ప్రభువే కన్నీరు విడిచెను. కావున మంచి చేసినవాని కొరకు ఏడ్చుట పాపము కాదు, కృతజ్ఞత. అయితే పేతురు బట్టలయొద్ద నిలిచిపోలేదు. అందరిని వెలుపలికి పంపి, మోకాళ్లూని ప్రార్థించి, అటుపిమ్మట ఆమెను పేరు పెట్టి పిలిచెను. వస్త్రములు చినుగును. ఎంత అందమైన తోటకైనను రాత్రి ద్వారములు మూయుదురు, దీపములార్పుదురు. మనుష్యుడు కట్టిన ఆనందమును ప్రతిదినము బాగుచేయవలసినదే. అబ్రాహాము ఎదురు చూచినది దేవుడే శిల్పియు నిర్మాణకుడునై పునాదులు వేసిన పట్టణము. ఆ ద్వారములు మూయబడవు. భూమి మీది సంతోషము దాని వైపు చూపు వ్రేలయితే మేలు; దానికి బదులుగా నిలిచిన యెడల అది విగ్రహమగును.

ఇంకొక్క మాట. మరణమునకు రెండు వారములైనను ముందు గాక, ఆ జూలైలోనే ఆనహైములో జరిగిన అభిమానుల కూటమునకు స్క్లార్ వచ్చియుండెను. బ్రదికియుండగానే ఆయనకు కృతజ్ఞత చెప్పు భాగ్యము వారికి దొరకెను. మన సంగతి యేమి? గుడి ఊడ్చి గంట కొట్టువాడు, మనకు మొదటి వాక్యము కంఠస్థము చేయించిన ఆదివారపు బడి ఉపాధ్యాయురాలు, ఇల్లిల్లు తిరిగిన బైబిలు స్త్రీ—వీరు కుట్టిన వస్త్రములు మన ఒంటి మీద నున్నవి. మేడగదిలో చూపించి యేడ్చుటకంటె, నేడే వారి గుమ్మమునకు వెళ్లి చెప్పుట మేలు కాదా?

ప్రార్థన: ప్రభువా, మా కొరకు కష్టపడిన చేతులను మరువని హృదయము మాకిమ్ము. పరుల చెప్పులలో నడచు వినయము నేర్పుము. నీవు కట్టిన పట్టణము చేరువరకు మా చేతులను వట్టివిగా నుండనియ్యకుము. ఆమెన్.